డంప్ లేదని రాసిన రిపోర్టు

2011 నాటి మాట. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో కార్గో వైపు వెళ్ళే రోడ్డు మీద, ఒక ప్రైవేటు కార్గో కంపెనీలో నేను సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్‌ని. సర్వర్లు పడిపోకుండా చూసుకోవడం, పడిపోతే లేపడం, ఎందుకు పడిపోయాయో పైవాళ్ళకి రాసివ్వడం నా పని. మొదటి రెండూ నాకు బాగానే వచ్చు. మూడోది ఇంకా బాగా వచ్చని అనుకునేదాన్ని. అలా అనుకోవడం వల్ల ఒక మనిషికి ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

మాది తెనాలి వైపు. నాన్న ఉద్యోగం మూలంగా చిన్నప్పుడే హైదరాబాద్ వచ్చేశాం, రాజేంద్రనగర్‌లో ఉండేవాళ్ళం. ఎవరేం చెప్పినా "రుజువేది?" అని అడుగుతానని ఇంట్లో నన్ను లాయరమ్మ అనేవాళ్ళు. ఆఫీసులో ఆ గుణానికే మంచి పేరు వచ్చింది. సుజాత రిపోర్టు రాసిందంటే ఇక తిరుగులేదని మా ఆపరేషన్స్ మేనేజర్ ప్రసాద్ గారు నలుగురిలో అనేవారు. నేను కూడా నమ్మేశాను, అదే నా ఖర్మ.

మా సర్వర్ రూమ్ చూసుకునేది ఖాజా భాయ్. యాభై దాటిన మనిషి, శంషాబాద్ పాత ఊళ్ళోనే పుట్టి పెరిగాడు. కాటేదాన్‌లో ఒక ప్లాస్టిక్ ఫ్యాక్టరీలో ఇరవై ఏళ్ళు ఎలక్ట్రీషియన్‌గా చేసి, 2008లో ఇక్కడ ఎయిర్‌పోర్టు తెరిచినప్పుడు మా కంపెనీలో కాంట్రాక్టు మీద చేరాడు. ఏసీలు, యూపీఎస్ బ్యాటరీలు అతని బాధ్యత. గంటగంటకీ గదిలో వేడి ఎంతుందో రిజిస్టర్‌లో రాయాలి. ఉర్దూ చదువుతాడు, తెలుగు కూడబలుక్కుంటాడు, ఇంగ్లీషు రాదు. "ఎయిర్‌పోర్ట్ మెషిన్ నా చేతిల ఉంటది" అని వాళ్ళ గల్లీలో చెప్పుకునేవాడట. ఆ మెషిన్ ఎయిర్‌పోర్టుది కాదు, మా కంపెనీది. అయినా ఆ మాట అంటున్నప్పుడు అతని మొహం చూస్తే సరిదిద్దాలనిపించేది కాదు.

పొద్దున్నే నేను విసుగ్గా వస్తే గుమ్మంలోనే అందుకునేవాడు. "ఏంది మేడమ్, ముఖం గట్ల పెట్టిన్రు? మెషిన్ మంచిగనే ఉంది, మీకే బుఖార్ వచ్చినట్టుంది." జ్వరమేం లేదని నేను నవ్వేదాన్ని. మూడేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ రిజిస్టర్‌లో గంట తప్పినట్టు నేను చూడలేదు.

ఇక్కడ మా పని గురించి కొంచెం చెప్పాలి. లినక్స్ సర్వర్‌లో అన్నిటికీ అడుగున ఉండి మిగతా ప్రోగ్రాములన్నిటినీ నడిపించేదాన్ని కెర్నల్ అంటారు. అది పడిపోతే అన్నీ పడిపోతాయి. తను ఎందుకు పడిపోయిందో రాసిపెట్టే శక్తి కూడా ఆ క్షణంలో దానికి ఉండదు. అందుకని మెమరీలో కొంచెం చోటు ముందే విడిగా ఉంచి, అందులో చిన్న రెండో కెర్నల్‌ని ఎక్కించి పెడతాం. దాన్ని క్రాష్ కెర్నల్ అంటారు. మొదటిది కూలగానే ఇది లేచి, కూలినదాని మెమరీని ఉన్నదున్నట్టు డిస్కులోకి ఎత్తిపెడుతుంది. ఆ ఫైలు పేరు క్రాష్ డంప్. అది చదివితే తప్పు ఎక్కడ జరిగిందో తెలుస్తుంది. మనుషులకి పోస్టుమార్టం ఎలాగో, కెర్నల్‌కి ఇది అలాగ.

మా పెద్ద సర్వర్‌లో క్రాష్ కెర్నల్ ఎక్కించి ఉండేది. దాని స్థితి అడిగితే "ఆపరేషనల్" అని జవాబిచ్చేది. నేను రోజూ ఆ మాట చూసి సంతోషపడేదాన్ని. అది నిజంగా పనిచేస్తుందో లేదో తెలియాలంటే సర్వర్‌ని కావాలని పడగొట్టి చూడాలి. ఇరవై నాలుగు గంటలూ సరుకు వచ్చిపోయే చోట అలాంటి పనికి ఎవరు ఒప్పుకుంటారు? నేను అడగనూ లేదు, నా ముందున్నవాళ్ళూ అడగలేదు. పనిచేస్తున్నదాన్ని కెలకడం మా వృత్తిలో మహాపాపం.

ఆ ఏడాది ఫిబ్రవరిలో సరుకుల వివరాలన్నీ ఉండే డేటాబేస్ నెమ్మదిగా నడుస్తోందని గొడవ వచ్చింది. కెర్నల్ లేచేటప్పుడు దానికి ఒక లైను అందిస్తాం. ఫలానా డిస్కు నుంచి మొదలవ్వు, ఇంత మెమరీ ఫలానా పనికి తీసిపెట్టు అని అందులో ఉంటుంది. వాటిని బూట్ పారామీటర్లు అంటారు. ఆ లైను చివర నేను ఒక మాట చేర్చాను. ముప్పై రెండు జీబీ మెమరీలో ఇరవై జీబీని డేటాబేస్ కోసం ముందే పెద్ద ముక్కలుగా తీసి పక్కన పెట్టమని. సిస్టమ్ పరుగులు తీసింది. ప్రసాద్ గారు మీటింగ్‌లో నా పేరు చెప్పి మెచ్చుకున్నారు.

మే నెల వచ్చింది, ఎండలు మండిపోతున్నాయి. నెలాఖరున ఒక మధ్యాహ్నం నేను పక్క బిల్డింగ్‌లో మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. బయటికొచ్చి చూస్తే ఆరు మిస్డ్ కాల్స్, అందులో రెండు ఖాజా భాయ్‌వి. పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి సర్వర్ ఒకసారి ఆగిపోయి మళ్ళీ లేస్తోంది. డేటాబేస్ పూర్తిగా తేరుకోవడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ ఏ పెట్టె ఎక్కడికి వెళ్ళాలో ఎవరికీ తెలియలేదు. షాద్‌నగర్ వైపు కోళ్ళ ఫారాలకి పోవాల్సిన వ్యాక్సిన్ పెట్టెలు చల్లటి గదికి చేరకుండా రేకుల షెడ్డు కింద ఉండిపోయి, ఒక్కటి మిగలకుండా పాడైపోయాయి. ఆ సరుకు తాలూకు కంపెనీవాళ్ళు రెండు రోజుల్లో కారణం రాసివ్వమన్నారు.

నేను రుజువులు వెతకడానికి కూర్చున్నాను. జరిగినవన్నీ నమోదయ్యే సిస్టమ్ లాగ్‌లో మధ్యాహ్నం ఒకటీ యాభై రెండుకి, డిస్కుల్ని సర్వర్‌కి కలిపే డిస్కు కార్డు నుంచి ఏదో హెచ్చరిక మూడు లైన్లు వచ్చింది, ఆ తర్వాత ఏమీ లేదు. అలాంటి హెచ్చరికలు రోజూ పది వస్తాయి కాబట్టి వదిలేశాను. మెషిన్ తనలో తను రాసుకునే ఇంకో చిన్న రికార్డు ఉంటుంది. అందులో రెండు గంటల తొమ్మిది నిమిషాలకి పవర్ పోయి వచ్చినట్టు ఉంది. మధ్యలో పదిహేడు నిమిషాలు తేడా ఉంది. ఒక్కో రికార్డుది ఒక్కో గడియారం, ఆ రెండూ ఎప్పుడూ కలిసి ఏడవవు కదా అని అదీ వదిలేశాను. చివరికి క్రాష్ డంప్ ఉండాల్సిన ఫోల్డర్ తెరిచి చూశాను. ఖాళీగా ఉంది.

ఖాజా భాయ్‌ని పిలిచాను. అప్పటికే ఆఫీసులో అందరూ అతని గురించే గుసగుసలాడుకుంటున్నారు, ఆ సమయంలో గదిలో ఉన్నది అతనొక్కడే కాబట్టి. చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఏం జరిగింది ఖాజా భాయ్, దాచకుండా చెప్పండి."

"దాచేదేముంది మేడమ్. స్టూల్ ఎక్కి ఏసీ ఫిల్టర్ తీస్తున్న. తెర దిక్కు చూస్తే అక్షరాలు గబగబ ఉరుకుతున్నయి. ఆగినయి. మల్ల ఒకపారి మొదటికెళ్ళి ఉరికినయి, మల్ల ఆగినయి. ఇగ కదల్లే. మీకు ఫోన్ చేసిన, ఎత్తలే. ఇంకోపారి చేసిన. పావుగంట చూసి బటన్ ఒత్తి బంద్ జేసి, మల్ల ఏసిన. ఎప్పటికి గట్లనే చేస్తం గద."

"రెండుసార్లు ఎందుకు వస్తాయండీ? మీరు మళ్ళీ ఆన్ చేశాక వచ్చినవి చూసి ఉంటారు."

"కాదు మేడమ్. బటన్ ఒత్తకముందే వచ్చినయి. నా కండ్లతోటి చూసిన."

"సరే, అందులో ఏం రాసి ఉందో చదివారా?"

అతను తల దించుకున్నాడు. "అంగ్రేజీ గద మేడమ్."

ఆ ప్రశ్న ఎందుకు అడిగానా అని ఇప్పటికీ సిగ్గుపడతాను. జవాబు తెలిసే అడిగాను. చదవడం రానివాడి మాట సాక్ష్యం కాదని నాకు నేను చెప్పుకోవడానికి అడిగాను. అతని ఫోన్ నాకు ఎన్ని గంటలకి వచ్చిందో నా చేతిలోని ఫోన్‌లోనే ఉంది. అది చూసుకోవాలని కూడా తట్టలేదు.

ఆ సాయంత్రం రిపోర్టు రాశాను. కెర్నల్ పడిపోయి ఉంటే డంప్ ఉండాలి. క్రాష్ కెర్నల్ ఆపరేషనల్‌గా ఉంది, అయినా డంప్ లేదు. కాబట్టి కెర్నల్ పడిపోలేదు. పవర్ పోయి వచ్చినట్టు రికార్డు ఉంది, ఆ సమయంలో గదిలో ఏసీ పని జరుగుతోంది. కాబట్టి కారణం మనిషి చెయ్యి. లెక్క తేలినట్టు ఎంత చక్కగా కుదిరిందో! పైగా అతను కావాలని చేశాడనుకుంటారేమోనని, దయ తలిచి ఒక వాక్యం సొంతంగా చేర్చాను. "స్టూల్ మీంచి దిగేటప్పుడు కాలు తగిలి పవర్ ప్లగ్ కదిలి ఉండవచ్చు" అని. దానికి ఏ ఆధారమూ లేదు. అతనికి మేలు చేస్తున్నాననే అనుకున్నాను.

ప్రసాద్ గారు చదివి, "బాగుందమ్మా, స్పష్టంగా ఉంది," అన్నారు. ఖాజా భాయ్‌ని పిలిచి ఆ వాక్యం తెలుగులో చదివి వినిపించారు. నేను అక్కడే ఉన్నాను.

"నాకు ప్లగ్ తగల్లే సార్," అన్నాడు ఖాజా భాయ్.

"తెలియకుండా తగిలి ఉంటుంది. మేడమ్ అన్నీ పరిశీలించే రాశారు."

అతను నా వైపు చూశాడు. నేను ఏదైనా అంటానేమోనని కాసేపు చూశాడు. నేను టేబుల్ మీది కాగితాలు సర్దుకున్నాను.

వారంలో అతని కాంట్రాక్టు రద్దు చేశారు. ఆఖరి రోజు షిఫ్టు మారే వేళకి గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు అతని సంచీ, టిఫిన్ డబ్బా తెరిచి చూశారు. మెడలోంచి ఐడీ కార్డు తీసుకున్నారు. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అంతా చూస్తున్నారు. నేను పైన కిటికీ దగ్గర నిలబడి చూశాను. కిందికి వెళ్ళాలనిపించింది, వెళ్ళి ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయాను.

అతని జాగాలో ఇంకొకరు వచ్చారు. రిజిస్టర్‌లో మధ్యాహ్నం గంటలు అప్పుడప్పుడు ఖాళీగా ఉండేవి. నేనూ మామూలుగా పనిలో పడ్డాను, లేదని చెప్తే అబద్ధం అవుతుంది.

డిసెంబరులో ఒక పొద్దున పదకొండింటికి నేను సర్వర్ రూమ్‌లో, ఆ తెర ముందే కూర్చుని ఉన్నాను. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. ఉన్నట్టుండి తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తి ఆగిపోయాయి. కెర్నల్ పడిపోయింది. సరే, ఇప్పుడు డంప్ రాస్తుందిలే అని చూస్తున్నాను. అక్షరాలు మళ్ళీ మొదటి నుంచి పరిగెత్తాయి. అది రెండో కెర్నల్ లేవడం. నాలుగైదు సెకన్లకి అదీ ఆగిపోయింది. మెమరీ చాలలేదు అన్నది చివరి లైను.

రెండుసార్లు. అతను చెప్పింది అక్షరాలా అదే. ఫోన్లు మోగుతున్నాయి, బయట ఎవరో నా పేరు పెట్టి పిలుస్తున్నారు, నేను మాత్రం కుర్చీలోంచి లేవలేకపోయాను.

సర్వర్‌ని లేపాక ఆ రోజే క్రాష్ కెర్నల్ సంగతి తవ్వాను. దానికి విడిగా బూట్ లైను రాసి ఉంచకపోతే, నడుస్తున్న మొదటి కెర్నల్ లైనునే ఒకటి రెండు మార్పులతో తీసుకుంటుంది. మేమెవరమూ విడిగా రాయలేదు. అంటే ఫిబ్రవరిలో నేను చేర్చిన మాట దానికీ వారసత్వంగా వెళ్ళింది. దానికి ఇచ్చిన చోటు మొత్తం నూట ఇరవై ఎనిమిది ఎంబీ, అంటే ఒక జీబీలో ఎనిమిదో వంతు. లేస్తూనే డేటాబేస్ కోసం ఇరవై జీబీ తీసిపెట్టమన్న నా ఆజ్ఞ చదివింది. ఒంటిగది అద్దెకి తీసుకుని మూడంతస్తుల ఇంటి సామాను దింపుకున్నట్టయింది దాని పని. ఉన్న కాస్త మెమరీ అక్కడ లేని డేటాబేస్‌కి పెట్టేసి, తనకి ఊపిరాడక పోయింది. ఇక డంప్ ఎవరు రాస్తారు? ఫోల్డర్ ఖాళీగా ఉన్నది కెర్నల్ పడిపోనందుకు కాదు. సాక్ష్యం రాయడానికి వచ్చినదాన్ని నేనే చంపేసినందుకు.

రెండు గడియారాలూ పోల్చి చూశాను. తేడా నలభై సెకన్లు. పదిహేడు నిమిషాల తేడా గడియారాలది కాదు, పావుగంట నా ఫోన్ కోసం ఎదురుచూసిన ఖాజా భాయ్‌ది. మే నెల లాగ్‌లో నేను వదిలేసిన మూడు హెచ్చరిక లైన్లు డిసెంబరు లాగ్‌లోనూ చివర్న అదే వరసలో ఉన్నాయి. ఇదంతా ఒక గంట పని. ఏడు నెలల కిందట ఆ గంట కూర్చుని ఉంటే సరిపోయేది.

క్రాష్ కెర్నల్‌కి విడిగా లైను రాశాను. ఇరవై జీబీ మాట తీసేశాను. ఒక్క ప్రాసెసర్‌తోనే లేవమన్నాను, పడిపోయినదాని చేతిలో ఉన్న పరికరాలని మొదటి నుంచి సిద్ధం చేసుకోమన్నాను. తర్వాత ప్రసాద్ గారి వెంటపడి, ఒక ఆదివారం పొద్దున సర్వర్‌ని కావాలని పడగొట్టడానికి అనుమతి తెచ్చుకున్నాను. మొదటిసారి డంప్ సగంలో ఆగింది. నాకు ముందున్న ఎవరో రాసి వదిలేసిన మాట ఒకటి, ఎప్పుడో తీసేసిన డిస్కు పేరుతో, ఆ లైనులో మిగిలిపోయి ఉంది. అది కూడా తీసేశాక రెండోసారి డంప్ పూర్తిగా వచ్చింది. జనవరిలో, గదిలో ఎవరూ లేని వేళ, సర్వర్ తనంతట తనే మళ్ళీ పడిపోయింది, ఈసారి డంప్ చేతికొచ్చింది. డిస్కు కార్డుని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్‌లో తప్పుంది. దానికి ఖాజా భాయ్ కాలితో గాని, ప్లగ్‌తో గాని ఏ సంబంధమూ లేదు.

కొత్త రిపోర్టు రాసి ప్రసాద్ గారి ముందు పెట్టాను. చదివి పక్కన పెట్టారు.

"అయిపోయినదాన్ని మళ్ళీ ఎందుకమ్మా తవ్వడం? కస్టమర్ కూడా మర్చిపోయారు. అతనెక్కడో పని చూసుకునే ఉంటాడు."

"నేను తప్పు రాశాను సార్. ఆయన ఉద్యోగం పోయింది."

"తెలిసి రాయలేదు కదా."

"తెలుసుకోకుండా రాశాను. మీరు సంతకం పెట్టకపోతే ఇది ఆఫీసులో అందరికీ నేనే పంపిస్తాను. తర్వాత నన్ను ఏం చేస్తారో చెయ్యండి."

నా నోటి సంగతి ఆయనకి తెలుసు. సంతకం పెట్టారు. అతను వస్తానంటే పనిలోకి తీసుకుంటామని ఇంకో కాగితం కూడా ఇచ్చారు. చెడ్డవారు కాదు, మా అందరిలాగే తొందరలో ఉన్న మనిషి.

ఆ రెండు కాగితాలు పట్టుకుని ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం శంషాబాద్ పాత ఊళ్ళో వాళ్ళ ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. తలుపు తీసింది ఆయన భార్య జరీనా. నా పేరు చెప్పగానే ఆమె మొహం మారిపోయింది. అయినా లోపలికి రమ్మని కుర్చీ వేసింది. ఖాజా భాయ్ కాటేదాన్‌లో ఒక గోనెసంచుల గోడౌన్‌లో కాపలా చేస్తున్నాడని, వచ్చే వేళైందని చెప్పింది.

"కరెంట్ పని చెయ్యట్లేదా?" అన్నాను.

"ఇడిసిపెట్టిండు మేడమ్. ఇంట్ల పంఖా స్విచ్ గూడ ఏస్తలేడు, నన్నే ఏయమంటడు. ఇరవై ఏండ్లకెక్కువ కరెంట్ పనే చేసిండు ఆయన." కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీరేం రాసిన్రో నాకైతే తెల్వదు. గప్పటిసంది మనిషి మంచిగ లేడు."

ఖాజా భాయ్ వచ్చాడు. తొమ్మిది నెలల్లో బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి గుమ్మంలోనే ఆగి, "మేడమ్, మీరా? కూసోండ్రి, కూసోండ్రి," అన్నాడు. కోపం వస్తుందేమో, తిడతాడేమో అని దారంతా అనుకుంటూ వచ్చాను. తిట్టినా బాగుండేది.

జరిగినదంతా చెప్పాను. సర్వర్ తనంతట తనే ఆగిపోయిందని, రెండో కెర్నల్ లేచి పడిపోయిందని, అందుకు నేను రాసిన మాట కారణమని, ఆయన తప్పు ఏమాత్రం లేదని. చేతులు జోడించి క్షమించమన్నాను. ఆయన ఓపిగ్గా విని, తల అడ్డంగా ఊపాడు.

"లేదు మేడమ్. నా కాలే తగిలింది."

"కాదు ఖాజా భాయ్. అది నేను ఊహించి రాసిన మాట."

"స్టూల్ దిగుతుంటే తగిలింది మేడమ్. ముందుగల నాకు యాదికి రాలే. తర్వాత సోంచాయించి సోంచాయించి చూస్తే యాదికొచ్చింది. ప్లగ్ జర కదిలింది. చదువుకున్నోళ్ళు మీరు, ఊకెనే రాస్తరా?"

"మీరే కదా నాకు చెప్పారు, అక్షరాలు రెండుసార్లు పరిగెత్తాయని."

"నేను చెప్పిన్నా?" ఆయన భార్య వైపు చూశాడు. "నాకు యాది లేదు మేడమ్."

ఆ గదిలో జరిగింది చూసిన మనిషి ఆయనొక్కడే. చూసింది చూసినట్టు చెప్పాడు. నేను కాదన్నాను, కాదన్నదాన్ని కాగితం మీద పెట్టాను, ఆ కాగితం ఆయన తలలోకి వెళ్ళి కూర్చుంది. తొమ్మిది నెలలుగా తను చెయ్యని తప్పుని తన కళ్ళతోనే చూస్తున్నాడు. అంతకంటే పెద్ద నష్టం నేను జీవితంలో ఎవరికీ చెయ్యలేదు. ఆ ఇంట్లో కూర్చునే ఏడ్చేశాను. జరీనా లేచి మంచినీళ్ళు తెచ్చిచ్చింది.

డిసెంబరులో సర్వర్ పడిపోయినప్పుడు ఎవరూ గదిలో దేన్నీ ముట్టుకోలేదని, జనవరిలోనూ అంతేనని మళ్ళీ మళ్ళీ చెప్పాను. గదిలో మనిషే లేకుండా కూడా అదే తప్పు జరిగిందని చెప్పాక ఆయనకి కొంచెం పట్టింది. "మనిషే లేకుండనా?" అన్నాడు. అవునన్నాను. "అయితే నేను గాదా?" అన్నాడు. కాదన్నాను. కాసేపాగి మళ్ళీ అదే అడిగాడు, నేను మళ్ళీ అదే చెప్పాను. ఎన్నిసార్లు అడిగాడో లెక్కపెట్టలేదు.

కాగితాలు చేతికిచ్చాను. పనిలోకి రమ్మన్నారని చెప్పాను. కాగితాలు భార్యకిచ్చి లోపల పెట్టమన్నాడు.

"పనికి రాలేను మేడమ్. ఆ రూములకు పోవాలంటే నాతోని కాదు. గాని ఒక మాట. ఆ రోజు గేట్ కాడ నా సంచి, డబ్బా అందరి ముంగట తెరిచిన్రు. మెషిన్ బంద్ జేసినోడు గీయ్ననే అన్నడు ఒకడు. గా సెక్యూరిటోళ్ళకు జర చెప్పుండ్రి, నేను చెయ్యలేదని. గంతే చాలు."

తప్పకుండా చెప్తానన్నాను.

మర్నాడు గేటు దగ్గరికి వెళ్ళాను. అందరూ కొత్త మొహాలే. సెక్యూరిటీ ఏజెన్సీ కాంట్రాక్టు కొత్త ఏడాదితో మారిపోయింది. పాత గార్డులు ఎక్కడున్నారో ఎవరికీ తెలియదు. అయినా అడిగినవాళ్ళని అడుగుతూ వెతికితే, నెల తర్వాత ఒకతను దొరికాడు. మైలార్‌దేవ్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ దగ్గర డ్యూటీ చేస్తున్నాడు. నిలబెట్టి మొత్తం చెప్పాను. అతను ఓపిగ్గానే విన్నాడు.

"ఏ ఖాజా, మేడమ్?"

"సర్వర్ రూమ్‌లో చేసేవారు. పోయిన ఏడు జూన్‌లో ఆయన సంచీ, డబ్బా వెతికారు."

"రోజుకు ఎంతమంది సంచులు చూస్తం మేడమ్. నాకేం యాది లేదు. ఎవరో ఏదో అని ఉంటరు." అంతలో కారొచ్చింది, గేటు తియ్యడానికి వెళ్ళిపోయాడు.

ఇదంతా జరిగాక పని తీరు మార్చుకున్నాను. ఏ సర్వర్‌లోనైనా క్రాష్ కెర్నల్‌కి దాని లైను దానికే విడిగా రాస్తాను, ఒక్కొక్క మాటా ఇది దీనికెందుకు అని అడిగి ఉంచుతాను. ఏడాదికి రెండుసార్లు పడగొట్టి చూస్తాను, ఎవరు వద్దన్నా సరే. ఆపరేషనల్ అన్న మాటని నమ్మడం మానేశాను. నాతో పనిచేసేవాళ్ళకి చెప్పేది ఒకటే. సాక్ష్యం లేకపోతే, రిపోర్టులో "తెలియలేదు" అని రాయండి. ఆ ముక్క రాయడానికి సిగ్గుపడే నేను ఇంత పని చేశాను. గదిలో ఉన్న మనిషి చెప్పింది ముందు వినండి, అతనికి ఏ భాష వచ్చినా రాకపోయినా.

మైలార్‌దేవ్‌పల్లిలో ఆ గార్డుతో మాట్లాడిన రోజే, అక్కణ్ణుంచి అటే శంషాబాద్ వెళ్ళాను. ఖాజా భాయ్ ఇంటి ముందు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

"దొరికిన్రా మేడమ్?"

"ఒకతను దొరికాడు. చెప్పాను."

"యాది పట్టిండా నన్ను?"

"పట్టాడు."

"ఏమన్నడు?"

"చాలా బాధపడ్డాడు ఖాజా భాయ్. తప్పయిందని చెప్పమన్నాడు."

ఆయన గురించి నేను చెప్పిన రెండో అబద్ధం అది. మొదటిది అబద్ధమని తెలియక రాశాను. దీన్ని తెలిసే, ఆయన మొహం చూస్తూ చెప్పాను. ఖాజా భాయ్ తల ఊపాడు. తర్వాత లోపలికి చూసి, "ఇన్నవా జరీనా, గేటోళ్ళకు గూడ తెల్సిందంట," అని పిలిచి చెప్పాడు.